వాంతుల వల్ల మాత్ర నిలవట్లేదు: ఆసుపత్రిలో ఇంకో దారి ఎలా అడగాలి?

చిన్నక్క:
అందరికీ నమస్కారం. మా చెల్లికి ఫిట్స్ ఉన్నాయి. లెవెటిరాసెటమ్, లామోట్రిజిన్ రెండూ ఏళ్ళుగా వాడుతోంది. మందులు వేళకు పడుతున్నంతకాలం ఇబ్బంది లేదు. ఇప్పుడు కడుపులో ఇన్ఫెక్షన్ వచ్చి ఆసుపత్రిలో చేర్చాం, సెలైన్ ఎక్కుతోంది. నిన్న రాత్రి నుంచి వేసిన ప్రతి మాత్రా బయటికి వచ్చేస్తోంది. సిస్టర్‌కి చెబితే "వాంతులు తగ్గాక వేద్దాంలే అమ్మా" అన్నారు. డ్యూటీ డాక్టర్‌ని అడిగితే "సెలైన్ పెట్టాం కదా, కంగారు పడకండి" అన్నారు. వార్డు నిండా జనం, వాళ్ళ ఇబ్బంది నాకు తెలుసు. కానీ సెలైన్‌లో ఫిట్స్ మందు లేదు కదా! గొడవ పెట్టుకోకుండా, అలాగని నోరు మూసుకుని కూర్చోకుండా, ఏమని అడగాలి?

రాత్రిడ్యూటీ:
నేను నర్సుని. మీరు టెన్షన్ పడటంలో తప్పేమీ లేదు. ఫిట్స్ మందు డోసులు వరుసగా తప్పడం "చూద్దాంలే" అనే విషయం కాదు. ఈ పోస్ట్ చదవగానే లేచి నర్సుల టేబుల్ దగ్గరికి వెళ్ళండి.

"వాంతులు అవుతున్నాయి" అని మాత్రమే చెప్పకండి. ఆ మాట మేం రోజంతా ప్రతి మంచం దగ్గరా వింటాం, వాంతుల ఇంజెక్షన్ ఇచ్చి పక్క మంచానికి వెళ్ళిపోతాం. ఇలా చెప్పండి: "సిస్టర్, మా చెల్లికి ఫిట్స్ ఉన్నాయి. లెవెటిరాసెటమ్ ఆఖరిసారి నిలిచింది నిన్న పొద్దున. ఆ తర్వాత వేసిన డోసులేవీ కడుపులో లేవు. ఈ మందు తప్పితే ఫిట్స్ రావచ్చు. దీన్ని ఇంజెక్షన్ రూపంలో ఇవ్వడానికి డ్యూటీ డాక్టర్‌ని ఇప్పుడే పిలుస్తారా?" మందు పేరు, ఆఖరిసారి నిలిచిన వేళ, తప్పితే ఏమవుతుంది, మీకేం కావాలి. ఈ నాలుగూ ఒకే ఊపులో వింటే ఏ నర్సూ పక్కన పెట్టదు.

ఇంకో ముఖ్యమైన సంగతి. మందుల చార్ట్ చూపించమని అడగండి. మాత్ర చేతికిచ్చి, రోగి మింగగానే మేం అక్కడ సంతకం పెడతాం. పది నిమిషాల తర్వాత వాంతి అయితే ఆ సంతకం అలాగే ఉండిపోతుంది. మర్నాడు రౌండ్స్‌లో డాక్టర్ చార్ట్ చూస్తే అన్ని డోసులూ పడ్డట్టే కనిపిస్తాయి. మీ చెల్లి విషయంలో డ్యూటీ డాక్టర్ నిశ్చింతగా ఉన్నది అందుకే అయి ఉండొచ్చు. "వేసిన ఇంతసేపటికి వాంతి అయింది, మాత్ర కనిపించింది" అని చార్ట్‌లో రాయమని అడగండి. రోగి మాత్ర వద్దని తల తిప్పేస్తే కొన్నిచోట్ల "నిరాకరించారు" అని రాస్తారు. అది కూడా సరి చేయించండి. నిరాకరించడం వేరు, నిలవకపోవడం వేరు. మొదటిదానికి నచ్చజెబుతారు, రెండోదానికి దారి మారుస్తారు.

మందులచీటీ:
ఆసుపత్రి ఫార్మసిస్ట్‌ని. రాత్రిడ్యూటీ గారు చెప్పినట్టు వెంటనే వెళ్ళండి. మీకు ధైర్యం ఇచ్చే మాట ఒకటి: లెవెటిరాసెటమ్‌కి ఇంజెక్షన్ ఉంది, డోస్ కూడా మాత్రతో సమానమే. నోటితో 500 మి.గ్రా. వేసుకునేవాళ్ళకి రక్తనాళం ద్వారా 500 మి.గ్రా. ఇస్తారు. సెలైన్‌లో కలిపి 15 నిమిషాల్లో ఎక్కిస్తారు. వాల్‌ప్రోయేట్, లాకోసమైడ్, ఫెనిటోయిన్‌లకు కూడా ఇంజెక్షన్లు ఉన్నాయి. లామోట్రిజిన్ దగ్గరే చిక్కు. దాని సంగతి మీరు తిరిగొచ్చాక రాస్తాను.

తేలికదారి:
అంత హడావుడి ఎందుకండీ? మాత్ర పొడి చేసి నీళ్ళలో కలిపి చెంచాతో కొద్దికొద్దిగా పడితే నిలుస్తుంది. మా ఇంట్లో ఎప్పుడూ అలాగే చేస్తాం.

మందులచీటీ:
తేలికదారి గారూ, కొన్ని మాత్రలకు అది కుదురుతుంది, కొన్నింటికి ప్రమాదం. నెమ్మదిగా విడుదలయ్యే మాత్రను పొడి చేస్తే రోజంతటి మందు ఒక్కసారే రక్తంలోకి వెళుతుంది. కడుపులో కరగకుండా పైపూత వేసిన మాత్రను నలిపితే ఆ పూత ఎందుకు వేశారో ఆ ప్రయోజనమే పోతుంది. పైగా చెంచాతో పోసింది కూడా అదే కడుపులోకి వెళుతుంది, సగం వాంతిలో పోతే ఎంత నిలిచిందో ఎవరికీ తెలియదు. నలపవచ్చా అని అడగకుండా ఏ మాత్రనూ నలపకండి.

పాతమైగ్రేన్:
నాలుక మీద కరిగిపోయే మాత్రలు ఉన్నాయి కదా? నాకు మైగ్రేన్ వచ్చినప్పుడు వాంతులకు ఒండాన్‌సెట్రాన్ అలాంటిదే ఇస్తారు. కడుపుతో పని లేకుండా నోట్లోనే ఒంటికి పట్టేస్తుంది.

మందులచీటీ:
చాలామంది అలాగే అనుకుంటారు. నోట్లో కరగడం వేరు, నోట్లోంచి రక్తంలోకి ఎక్కడం వేరు. ఒండాన్‌సెట్రాన్ కరిగే మాత్ర లాలాజలంతో కలిసి మింగబడి, మామూలు మాత్రలాగే పేగుల్లోంచే ఎక్కుతుంది. నీళ్ళు తాగక్కర్లేదు, అదొక్కటే దాని లాభం. నీళ్ళు పడితేనే డోకు వచ్చేవాళ్ళకి అది పెద్ద లాభమే. కానీ వెంటవెంటనే వాంతులు అవుతుంటే ఇంజెక్షనే నమ్మకం. చెంప లోపల, చిగురుకూ పెదవికీ మధ్య పెట్టే ప్రోక్లోర్‌పెరజీన్ అనే వాంతుల మాత్ర కొన్ని దేశాల్లో దొరుకుతుంది, అది మాత్రం నిజంగా నోటి పొరలోంచే ఎక్కుతుంది.

మైగ్రేన్ గురించి అన్నారు కాబట్టి: నొప్పి వచ్చినప్పుడు కడుపు కదలిక మందగిస్తుంది. మాత్ర వాంతి కాకపోయినా కడుపులోనే పడి ఉంటుంది. అందుకే మైగ్రేన్ మందు సుమాట్రిప్టాన్‌ని చర్మం కింద 6 మి.గ్రా. ఇంజెక్షన్‌గా, ముక్కులో స్ప్రేగా కూడా తయారు చేశారు. ఎమర్జెన్సీకి వెళ్ళినప్పుడు "మాత్ర వేసుకున్నాను, తగ్గలేదు" అనకుండా "మాత్ర వేసుకున్నాక వాంతి అయింది" అని చెప్పండి. మొదటిది వింటే ఆ మందు మీకు పనిచేయదని అనుకుంటారు.

చిన్నక్క:
వెళ్ళాను. రాత్రిడ్యూటీ గారి మాటలు ఫోన్‌లో చూసుకుంటూ దాదాపు అలాగే చెప్పాను. సిస్టర్ చార్ట్ తీసి చూశారు. నిజంగానే అన్నిచోట్లా సంతకాలు ఉన్నాయి! ఆవిడే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేశారు. లెవెటిరాసెటమ్ ఇంజెక్షన్ తెప్పించి సెలైన్‌లో ఎక్కించారు, వాంతులకు ఒండాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. ఇచ్చారు. లామోట్రిజిన్‌కి ఇంజెక్షన్ లేదట, పొద్దున న్యూరాలజిస్ట్‌ని అడుగుతామన్నారు. అప్పటిదాకా ఏం చేయాలి? వాంతి ఆగగానే నేనే మాత్ర వేసేయొచ్చా?

మందులచీటీ:
మంచి పని చేశారు. మీ అంతట మీరు మాత్రం వేయకండి. వార్డులో ఉన్నప్పుడు ప్రతి డోసూ చార్ట్ మీదుగానే వెళ్ళాలి, లేకపోతే వాళ్ళొకటి, మీరొకటి వేసి రెండింతలు అవుతుంది.

లామోట్రిజిన్ సంగతి: వాంతుల ఇంజెక్షన్ పడ్డాక కడుపు కాస్త కుదుటపడే సమయం ఉంటుంది. ఆ సమయం చూసి మాత్ర వేయవచ్చా అని అడగండి. నీళ్ళలో కరిగే లామోట్రిజిన్ మాత్రలు ఉంటాయి, అవసరమైతే ముక్కు నుంచి కడుపులోకి వేసే ట్యూబ్ ద్వారా ఇవ్వవచ్చు. అసలు గుర్తుపెట్టుకోవాల్సింది ఇది: లామోట్రిజిన్ కొన్ని రోజులు వరుసగా ఆగిపోతే మళ్ళీ పాత డోస్‌తో మొదలుపెట్టకూడదు. తక్కువ డోస్ నుంచి మెల్లగా పెంచుకుంటూ పోవాలి, లేదంటే ఒంటిమీద తీవ్రమైన దద్దుర్లు, చర్మం ఊడిపోయే ప్రమాదం ఉంది. కాబట్టి న్యూరాలజిస్ట్ రాగానే ఆఖరి డోస్ నిలిచిన రోజు, వేళ చెప్పండి. దాన్నిబట్టే ఆయన నిర్ణయిస్తారు. "ఈలోగా ఫిట్స్ వస్తే ఏ మందు ఇస్తారు, అది వార్డులో ఉందా?" అని కూడా ఇప్పుడే అడిగి ఉంచండి. ముక్కులో కొట్టే మిడజోలామ్, మలద్వారం ద్వారా ఇచ్చే డయజిపామ్, ఇంజెక్షన్‌గా లోరజిపామ్ ఇలాంటి సందర్భాల కోసమే.

స్టీరాయిడ్‌కార్డు:
ఈ చర్చ చదివేవాళ్ళలో రోజూ హైడ్రోకార్టిసోన్, ప్రెడ్నిసొలోన్ లాంటి స్టీరాయిడ్ మాత్రలు వాడేవాళ్ళు ఉంటే ఇక్కడ ఆగండి. నాకు ఒంటికి కావాల్సిన స్టీరాయిడ్ తయారుచేసే అడ్రినల్ గ్రంథులు పనిచేయవు. మాలాంటివాళ్ళకి వాంతులతో మాత్ర పోవడమంటే ప్రాణం మీదికి వచ్చినట్టే. మాకు నేర్పిన పద్ధతి: మాత్ర వేసిన అరగంటలోపు వాంతి అయితే మళ్ళీ వేయాలి, అదీ నిలవకపోతే ఇక ఇంట్లో కూర్చోకూడదు. పెద్దవాళ్ళకైతే హైడ్రోకార్టిసోన్ 100 మి.గ్రా. కండరంలోకి గానీ నరంలోకి గానీ వెంటనే ఇవ్వాలి. ఆసుపత్రి గేటు దగ్గరే "అడ్రినల్ సమస్య ఉంది, స్టీరాయిడ్ నిలవట్లేదు, హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షన్ ఇప్పుడే కావాలి" అని చెబుతాను. రక్తపరీక్షల రిపోర్టు వచ్చేదాకా ఆగుదాం అంటే, నా జబ్బు వివరాలు రాసి ఉన్న స్టీరాయిడ్ కార్డు చూపిస్తాను. రక్తం తీసుకోండి, కానీ సూది ముందు వేయండి అంటాను. ఈ విషయంలో మాత్రం మొహమాటం పనికిరాదు.

నాన్నకూతురు:
మా నాన్నగారికి పార్కిన్సన్స్. ఆపరేషన్ తర్వాత వాంతులు అయితే మెటోక్లోప్రమైడ్ రాయబోయారు. అది ఆయనకు పడదని పాత చీటీలో రాసి ఉంది కాబట్టి చూపించగలిగాను. ఇలాంటివి మనం చెప్పాలా, వాళ్ళకి తెలియదా?

రాత్రిడ్యూటీ:
తెలుసండీ. కానీ ఆపరేషన్ వార్డులో రాత్రి పన్నెండింటికి వాంతి అంటే చేతికి ముందు వచ్చే మందు అదే. కేస్ షీట్‌లో పార్కిన్సన్స్ అన్న మాట ఏ పేజీలోనో ఉంటుంది. మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజీన్ రెండూ డోపమైన్‌ని అడ్డుకుంటాయి, ఆ జబ్బులో మెదడులో తగ్గిపోయేదే అది. చేర్చిన రోజే "ఈ మందులు వద్దు" అని చార్ట్ మొదటి పేజీలో ఎర్ర సిరాతో రాయించండి. డోంపెరిడోన్ గానీ ఒండాన్‌సెట్రాన్ గానీ వాడతారు, గుండె లయ సమస్య ఉంటే ముందు ఈసీజీ చూస్తారు. నాన్నగారు పార్కిన్సన్స్‌కి అపోమార్ఫిన్ వాడుతుంటే మాత్రం ఒండాన్‌సెట్రాన్ కలపకూడదు, అది కూడా చెప్పండి.

రోజూ వేసే పార్కిన్సన్స్ మందు లెవోడోపా డోస్ ఆగకూడదు కదా, దానికి చర్మానికి అంటించే రోటిగోటిన్ ప్యాచ్ ఒక దారి, ట్యూబ్ ద్వారా నీళ్ళలో కరిగే లెవోడోపా ఇంకో దారి. ఏది ఎంత అన్నది న్యూరాలజీ వాళ్ళే చెప్పాలి. హఠాత్తుగా ఆగితే ఒళ్ళు బిగుసుకుపోయి, జ్వరం వచ్చి, మింగడం కూడా కష్టమవుతుంది.

మెటోక్లోప్రమైడ్ గురించి మిగతావాళ్ళకి కూడా ఒక మాట. అది మంచి మందే, కానీ నరంలోకి గబగబా తోసేస్తే కొందరికి భరించలేని అలజడి వస్తుంది. కూర్చోలేరు, పడుకోలేరు, మంచం దిగి పారిపోవాలనిపిస్తుంది. మెడ, దవడ పక్కకు లాగేయడం కూడా జరుగుతుంది, ముఖ్యంగా చిన్నవయసు వాళ్ళలో. అది భయం వల్ల వచ్చిందని అనుకుని ఊరుకోకండి, వెంటనే పిలవండి, విరుగుడు ఇంజెక్షన్ ఉంది. 2013లో యూరప్ ఔషధ నియంత్రణ సంస్థ ఈ మందును 5 రోజులకు మించి వాడొద్దని, నరంలోకి ఇస్తే కనీసం 3 నిమిషాలు తీసుకుని ఇవ్వాలని చెప్పింది.

వేవిళ్ళతల్లి:
గర్భిణిగా నా అనుభవం చెబుతాను. అందరికీ ఉండే వేవిళ్ళే కదా అని నన్ను వెనక్కి పంపేశారు. మంచినీళ్ళు కూడా నిలవట్లేదని, మూత్రం ముదురు రంగులో ఎప్పుడో ఒకసారి వస్తోందని, బరువు తగ్గుతున్నానని చెప్పాకే చేర్చుకున్నారు. "చాలా నీరసంగా ఉంది" అన్నప్పుడు ఎవరూ కదల్లేదు. మూత్రం సంగతి చెప్పగానే అదే డాక్టర్ కీటోన్లకు (తిండి అందక ఒళ్ళు కొవ్వు కరిగించుకుంటే వచ్చే పదార్థాలు) పరీక్ష రాశారు.

మందులచీటీ:
వేవిళ్ళతల్లి గారి మాటకు ఒకటి కలుపుతాను. రోజుల తరబడి వాంతులు అవుతుంటే, ఎవరికైనా సరే, గ్లూకోజ్ సెలైన్ పెట్టేముందు థయామిన్ (విటమిన్ బి1) ఇంజెక్షన్ ఇచ్చారా అని అడగండి. థయామిన్ లేని ఒంట్లోకి గ్లూకోజ్ ఎక్కితే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఇది అడిగినందుకు ఏ మంచి డాక్టరూ కోప్పడరు.

గట్టిగాఅడుగు:
ఇంత మర్యాదగా మాట్లాడటం దేనికండీ? అన్ని మందులూ నరంలోకే ఇవ్వమని పట్టుబట్టాలి. అది రోగి హక్కు.

రాత్రిడ్యూటీ:
అడగడం హక్కే. కానీ అన్ని మందులకీ నరం దారి అవసరం లేదు, మంచిది కూడా కాదు. కాన్యులా (సెలైన్ కోసం నరంలో ఉంచే సన్న గొట్టం) పెట్టిన చోట వాపు, ఇన్ఫెక్షన్ వస్తాయి. వాంతులు ఆగగానే నోటి మందులకు తిరిగి రావాలి. రోజుకి ఒక థైరాయిడ్ మాత్ర వేసుకునేవాళ్ళకి రెండు రోజులు తప్పినా ఏమీ కాదు, ఆ మందు ఒంట్లో చాలా రోజులు ఉంటుంది. కొలెస్ట్రాల్ మాత్ర కూడా అంతే. అందుకే అన్నింటికీ ఒకేలా పట్టుబడితే, నిజంగా ఆగకూడని మందు కూడా ఆ గొడవలో కలిసిపోతుంది. "వీటిలో ఏవి ఆగకూడదు, ఏవి రెండు రోజులు ఆపినా ఫర్వాలేదు?" అని అడగండి. నాకు బాగా నచ్చే ప్రశ్న అది.

మందులచీటీ:
ఆగకూడనివి స్థూలంగా చెబుతాను. ఫిట్స్ మందులు, స్టీరాయిడ్లు, పార్కిన్సన్స్ మందులు పైన వచ్చాయి. రక్తం గడ్డకట్టకుండా వాడేవి, వాటికి బదులు హెపారిన్ ఇంజెక్షన్ ఇవ్వవచ్చు. అవయవ మార్పిడి అయినవాళ్ళ మందులు, వాళ్ళు ఆ ట్రాన్స్‌ప్లాంట్ టీమ్‌కే నేరుగా ఫోన్ చేయాలి. బీపీ మందు క్లోనిడిన్ హఠాత్తుగా ఆగితే బీపీ ఒక్కసారిగా ఎగబాకుతుంది. గుండెకి, బీపీకి వాడే బీటా బ్లాకర్లు కూడా ఉన్నట్టుండి ఆపకూడదు. రోజూ మార్ఫిన్ లాంటివి వాడేవాళ్ళు ఆపితే నొప్పితో పాటు అలవాటైన మందు అందక వచ్చే బాధ మొదలవుతుంది, అప్పుడు ఆ బాధ వల్ల కూడా వాంతులు పెరుగుతాయి.

షుగర్ ఉన్నవాళ్ళ సంగతి ఇంకోలా ఉంటుంది. టైప్ 1 అయితే తిండి లేకపోయినా ఇన్సులిన్ పూర్తిగా ఆపకూడదు. అదే డపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి మాత్రలు వాంతులప్పుడు ఆపేయాలి, లేకపోతే షుగర్ పెద్దగా పెరగకుండానే కీటోన్లు పేరుకుపోవచ్చు. మెట్‌ఫార్మిన్ కూడా ఒంట్లో నీరు తగ్గినప్పుడు ఆపుతారు. కాబట్టి చేర్చుకునేటప్పుడే అన్ని మందుల పేర్లూ చెప్పాలి, డాక్టర్ వాటిని విడదీస్తారు.

ఇంకోటి, మాత్ర డోసూ ఇంజెక్షన్ డోసూ అన్ని మందులకీ ఒకటి కాదు. ఒంట్లో నీరు తీసే ఫ్యూరోసెమైడ్ నోటితో వేస్తే దాదాపు సగమే ఒంటికి పడుతుంది. మార్ఫిన్ నోటితో 30 మి.గ్రా. ఎంతో, నరంలోకి 10 మి.గ్రా. సుమారుగా అంత. ఇంజెక్షన్ డోస్ తక్కువగా కనిపిస్తే భయపడకండి, అడగండి.

కీమోవార్డు:
కీమో తర్వాత నొప్పికి సపోజిటరీ (మలద్వారంలో పెట్టే మందు) అడిగితే వద్దన్నారు. పారాసిటమాల్ నరంలోకి ఇచ్చారు. సపోజిటరీ ఎందుకు వద్దన్నారో చెప్పలేదు.

రాత్రిడ్యూటీ:
కీమో తర్వాత తెల్లకణాలు తగ్గి ఉంటే మలద్వారం దగ్గర చిన్న గీరు పడినా ఇన్ఫెక్షన్ రక్తంలోకి పోవచ్చు, అందుకని. ప్లేట్‌లెట్లు తక్కువ ఉంటే కండరంలోకి ఇంజెక్షన్ కూడా వద్దంటారు, లోపల రక్తం కారి గడ్డలా పేరుకుంటుందని. విరేచనాలు ఉంటే సపోజిటరీ నిలవదు. కారణం చెప్పకుండా "వద్దు" అంటే "ఎందుకు వద్దు, మరి ఏది కుదురుతుంది?" అని అక్కడే అడగండి. నరంలోకి పారాసిటమాల్ ఇస్తుంటే, వాంతి ఆగాక ఇంట్లోంచి తెచ్చిన పారాసిటమాల్ మాత్ర కూడా వేసేస్తుంటారు కొందరు. ఏ దారిలో ఇచ్చినా పెద్దవాళ్ళకి రోజుకి 4 గ్రాములు దాటకూడదు, బరువు తక్కువగా ఉంటే ఇంకా తగ్గిస్తారు.

కీమోవార్డు:
ఇప్పుడు అర్థమైంది, థాంక్స్. మా వార్డులో సిస్టర్ ఒకావిడ సూది వేసేముందు తుడిచే స్పిరిట్ ప్యాడ్ చింపి ముక్కు దగ్గర పెట్టి మెల్లగా పీల్చమన్నారు. వికారం కాస్త తగ్గింది. ఇది నిజంగా పనిచేసేదేనా?

మందులచీటీ:
పనిచేసేదే. ఎమర్జెన్సీ విభాగాల్లో దీని మీద పరీక్షలు చేశారు, ఐసోప్రొపైల్ ఆల్కహాల్ ప్యాడ్ వాసన పీలిస్తే వికారం తగ్గింది. ఇంజెక్షన్ వచ్చేలోపు అడిగి వాడుకోవచ్చు.

నాన్నకూతురు:
ప్యాచ్‌ల గురించి ఒక సందేహం. రోటిగోటిన్ అన్నారు. నొప్పికి ఫెంటనిల్ ప్యాచ్ కూడా ఉంటుందట. మాత్ర నిలవనివాళ్ళందరికీ అదే పెట్టేస్తే సులువు కదా?

మందులచీటీ:
సులువుగా కనిపిస్తుంది కానీ, ఫెంటనిల్ ప్యాచ్ పెట్టాక పూర్తిగా పనిచేయడానికి 12 నుంచి 24 గంటలు పడుతుంది. ఈ రాత్రి నొప్పికి అది జవాబు కాదు. ఆపరేషన్ నొప్పికి, ఇంతకుముందు మార్ఫిన్ లాంటి మందులు అలవాటు లేనివాళ్ళకి పెట్టకూడదు, ఊపిరి ఆగిపోయే ప్రమాదం ఉంది. తీసేశాక కూడా చాలా గంటలు పనిచేస్తూనే ఉంటుంది. ఎప్పటినుంచో స్థిరంగా డోస్ తీసుకుంటున్నవాళ్ళకి మంచి దారి.

చిన్నక్క:
న్యూరాలజిస్ట్ వచ్చారు. మధ్యలో ఒక డోస్ కాసేపు నిలిచిందని చెబితే అది లెక్కలోకి తీసుకుని, లామోట్రిజిన్ పాత డోస్‌తోనే కొనసాగించమన్నారు. వాంతుల ఇంజెక్షన్ అయ్యాక అరగంటకు నీళ్ళలో కరిగే మాత్ర ఇచ్చారు, నిలిచింది. ఇంకా రేపటిదాకా ఉంచుతారు. ఇంటికి పంపేముందు ఏమైనా అడగాలా?

రాత్రిడ్యూటీ:
కాన్యులా తీసేముందు రెండు పూటలు నోటి మందు నిలిచిందో లేదో చూసుకోమనండి. తీసేశాక మళ్ళీ వాంతి అయితే ఇంకో సూది గుచ్చాలి, ఆ పిల్లకే బాధ. ఆఖరి ఇంజెక్షన్ వేళ, ఇంట్లో మొదటి మాత్ర వేళ రెండూ డిశ్చార్జ్ కాగితం మీద రాయించుకోండి.

మందులచీటీ:
అదే కాగితం మీద ఇంకో రెండు లైన్లు: మళ్ళీ వాంతులు మొదలైతే మాత్ర వేసిన ఎంతసేపటిలోపు వాంతి అయితే తిరిగి వేయాలి, ఎన్ని డోసులు తప్పితే ఆసుపత్రికి రావాలి. మందును బట్టి, డోసును బట్టి ఇది మారుతుంది కాబట్టి ఇక్కడ మేం చెప్పేదానికంటే మీ న్యూరాలజిస్ట్ చేతిరాతే మీకు పనికొస్తుంది. వాంతి ఆకుపచ్చగా గానీ, రక్తంతో గానీ, కాఫీ పొడి రంగులో గానీ వచ్చినా, కడుపు ఉబ్బి గట్టిపడినా డోసుల లెక్క చూడకుండా బయల్దేరండి.